క్రొత్త పిస్తోలు మొరాయించినప్పుడు



కాడి కట్టిన కోడె నడవక మొండికేసినచో తెలిసిన రైతు వెంటనే ములుగఱ్ఱ ఎత్తడు. కాడి దించి మెడ చూచును, గిట్ట చూచును, మేత తిన్నదో లేదో విచారించును. క్రొత్తగా కొన్న చేతితుపాకి పేలక మొరాయించినప్పుడును చేయవలసినది ఇదియే. ఆ విచారణ ఏ వరుసలో సాగవలెనో ఈనాటి ప్రసంగమున మనవి చేసెదను.

మన పల్లెలలో లైసెన్సు గల రివాల్వరులును పిస్తోళ్లును ఏ కొలది యిండ్లలోనో యుండును. కాని ఉన్న యింట అది చెడినప్పుడు సలహా కొఱకు వచ్చునది పెద్దల యొద్దకే. ఆయుధము రెండు విధముల కీడు చేయును. పేలవలసినప్పుడు పేలకుండుట మొదటి కీడు. పేలరాని వేళ పేలుట రెండవది. మొదటిదానిని కుదుర్పబోయి రెండవదానిని కొనితెచ్చుకొనువారే ఎక్కువ. కావున ఈ విషయమున తొందర పనికిరాదు.

ముందుగా ఒక మాట. అడవిపందుల నుండి పసుపుచేను, మక్కచేను కాపాడుకొనుటకు పిస్తోలు తగిన సాధనము కాదు. 1959 నాటి ఆయుధ చట్టము 13వ సెక్షను పంటరక్షణను గూర్చి చెప్పునప్పుడు గొట్టము నోటినుండి మందు కూరు తుపాకిని పేర్కొన్నది. చేతితుపాకి ఆత్మరక్షణకై, అధికారి కారణము విచారించి ఇచ్చునట్టిది. దాని గొట్టము పొట్టి, గురి దగ్గఱ.

ఇక యంత్రము సంగతి. 9 మిల్లీమీటర్ల తూటా వంటివి సాధారణముగా పౌరులకు నిషిద్ధములు. అందుచే మన దేశమున లైసెన్సుదారుల చేతనుండునవి చాలవరకు .32 బోరువి. ఇక్కడనే మొదటి చిక్కు కలదు. .32 అను పేరుతో రెండు వేఱువేఱు తూటాలున్నవి. రివాల్వరు తూటా 1896లో పుట్టినది. దాని ఇత్తడి తొడుగు పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు, అడుగున వెడల్పైన అంచు. పిస్తోలు తూటా 1899లో వచ్చినది. తొడుగు పొడవు 17 మిల్లీమీటర్లు మాత్రమే, అంచు మిక్కిలి సన్నము. పెట్టెపై మొదటిదానికి 7.65 × 23 అనియు, రెండవదానికి 7.65 × 17 అనియు గుర్తుండును. పేరు ఒకటే గదా యని ఒకదానికి బదులు మఱియొకటి తెచ్చినవారిని నేనెఱుగుదును. పొట్టి తూటా రివాల్వరు గదిలో ఇమిడినట్లే కనబడవచ్చును గాని, అది అందులకు చేసినది కాదు. కావున తుపాకి మొరాయించెనని వినగానే నేను అడుగు మొదటి ప్రశ్న, “తూటాల పెట్టె ఏది?” అని. తుపాకిని తరువాత చూతును.

తుపాకిని చేతికి తీసుకొనునప్పుడు అది నిండియున్నదనియే తలపవలెను. పిస్తోలైనచో ముందు మ్యాగజీను తీసివేయవలెను. తరువాత పైనున్న స్లైడును వెనుకకు లాగి, గొట్టము మొదట నుండు గదిలోనికి కంటితో చూడవలెను. ఈ వరుస తాఱుమాఱు కారాదు. మ్యాగజీను తీయకుండ ముందు స్లైడు లాగినచో, ఒక తూటా బయటికి వచ్చుట, మఱియొకటి లోనికి పోవుట తటస్థించును. తరువాత మ్యాగజీను తీసి “ఖాళీ” అనుకొన్నవాని చేతిలో నిండుతుపాకి యుండును.

ట్రిగ్గరు లాగినను పేలలేదనుకొందము. తుపాకి నోరు గురి మట్టికట్ట వైపుననే యుంచి, అరనిమిషమునకు తక్కువ కాకుండ కదలక నిలువవలెను. మందు ఒకొక్కప్పుడు ఆలస్యముగా అంటుకొనును. రివాల్వరైనచో ఆ కాలమున మరల ట్రిగ్గరు లాగి చక్రము త్రిప్పరాదు. ఆలస్యముగా అంటుకొన్న తూటా గొట్టమునకు ఎదురుగా లేనప్పుడు పేలినచో చేతికే ప్రమాదము. ఇంకొక సంగతి కలదు. శబ్దము మామూలుకంటె నీరసముగా, “టుస్సు” మని వినబడినచో గుండు గొట్టములోనే నిలిచి యుండవచ్చును. అంతటితో ఆపవలెను. ఆ వెనుక ఇంకొక తూటా పేల్చినచో గొట్టము ఉబ్బును, లేదా పగులును.

పేలని తూటాను పాఱవేయవద్దు. అది సాక్షి. దాని అడుగున నడుమనుండు చిన్న టోపీని, అనగా ప్రైమరును, వెలుతురులో చూడుడు. దస్తావేజుపై వ్రేలిముద్ర వలె అది నిజము చెప్పును. గుంట లోతుగా, నడుమ పడియుండి తూటా పేలకున్నచో దోషము చాలవరకు తూటాదే. గుంట పైపైన మాత్రమే పడియున్నచో కొట్టుదెబ్బ చాలలేదన్నమాట. లోపలి సూది దారిలో గట్టిపడిన గ్రీసుండవచ్చును, స్ప్రింగు బలహీనమై యుండవచ్చును, లేక ప్రైమరు లోతుగా కూర్చబడి యుండవచ్చును. గుంటయే లేనిచో సూది తూటాను తాకనే లేదు. స్లైడు పూర్తిగా మూసికొనలేదా, సూది విఱిగినదా అని చూడవలెను. ఒక్క తూటా అడుగు చూచి ఇన్ని సంగతులు తెలిసికొనగలిగి యుండగా, దానిని పొదలోనికి విసరుట సాక్షిని తఱిమివేయుట వంటిది.

క్రొత్త తుపాకిలో సామాన్యమైన కారణము మఱియొకటి కలదు. తుప్పు పట్టకుండ తయారీదారులు పూసి పంపు చిక్కని గ్రీసు కొన్నిటిపై నుండును. దానిని తుడువకయే వాడినచో కదలవలసిన భాగములు బరువుగా కదలును. తుపాకితో వచ్చిన పుస్తకములో చెప్పినంతవఱకే విప్పి, పొడిబట్టతో తుడిచి, పల్చని తుపాకినూనె చుక్క చుక్కగా వేయవలెను. ఎక్కువ వేయుటయు దోషమే. నూనె తూటా అడుగునుండి లోనికి పాకినచో ప్రైమరు చచ్చిపోవును. పసుపు ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో పాలిషు పట్టు దినములలో మన యిండ్లలో ఎగురు ధూళి మీకు తెలిసినదే. నూనెతో తడిసిన తుపాకి ఆ ధూళిని పట్టి ముద్ద చేసికొనును. కావున ఆ దినములలో పిస్తోలు మూసిన పెట్టెలోనే యుండవలెను.

తూటాలను తోలు పటకాలో నెలల తరబడి ఉంచువారున్నారు. తోలు పదును చేయుటకు వాడిన పదార్థములు ఇత్తడిని తిని, ఆకుపచ్చని చిలుము పుట్టించును. చిలుము పట్టిన తూటా గదిలోనికి సరిగా పోదు, పోయినను సులభముగా రాదు. పొడిగా, చల్లగా, వచ్చిన పెట్టెలోనే తూటాలుంచుట ఉత్తమము.

పిస్తోలు పేలిన పిదప నిలిచిపోవుచున్నచో మ్యాగజీనును అనుమానింపవలెను. .32 పిస్తోలు తూటా అడుగు అంచు తొడుగుకంటె రవంత వెడల్పు. మ్యాగజీను నింపునప్పుడు పై తూటా అంచు క్రింది తూటా అంచునకు వెనుక పడినచో రెండును ఒకదానినొకటి పట్టుకొని ముందుకు కదలవు. పై తూటా అంచు ఎల్లప్పుడును క్రిందిదాని అంచునకు ముందుండవలెను. రెండు మ్యాగజీనులున్నచో వానిపై 1, 2 అని గుర్తు పెట్టుడు. ఒకదానితోనే తుపాకి నిలుచుచున్నచో తగవు మ్యాగజీనుదే, తుపాకిది కాదు.

రివాల్వరులో చక్రము తిరుగక బిగిసినచో వేఱు కారణములు చూడవలెను. కాలని మందు రేణువులు ఖాళీ తొడుగులను లేపు నక్షత్రపు ముక్క క్రింద చేరినచో తూటాలు రవంత ఎత్తుగా కూర్చుండి చక్రమును అడ్డగించును. ఒక తూటా ప్రైమరు అడుగుకంటె పైకి పొడుచుకొని యున్నను ఇట్లే యగును. తూటాలు తీసివైచి, చిన్న బ్రష్షుతో ఆ నక్షత్రము క్రింద శుభ్రపరచుటతో చాల రివాల్వరులు దారికి వచ్చును.

చేతి సంగతి చివరకు చెప్పుచున్నాను. పిస్తోలు తన దెబ్బతోనే స్లైడును వెనుకకు నెట్టి, ఖాళీ తొడుగును విసరి, క్రొత్త తూటాను ఎక్కించుకొనును. పట్టిన చేయి దానితో పాటు వెనుకకు వదలిపోయినచో స్లైడు పూర్తి ప్రయాణము చేయదు. వృద్ధుల చేతిలో నిలిచిన పిస్తోలు బలముగా పట్టిన వాని చేతిలో చక్కగా నడచుట ఇందుచేతనే. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. అట్టివారికి రివాల్వరు మేలు. అది చేతి బిగువుపై అంతగా ఆధారపడదు.

మీకు ఒక ఉదాహరణము చెప్పెదను. ఆర్మూరు, మెట్‌పల్లి దారిని ఒక పసుపు రైతు క్రొత్త పిస్తోలు కొని, అది మాటిమాటికి నిలుచుచున్నదని నాకు చూపెను. తూటాలు మార్చితిననెను, నూనె మార్చితిననెను, పట్టు మార్చితిననెను. అన్నియు ఒకేసారి మార్చినందున ఏది దోషమో అతనికే తెలియలేదు. నేను ఒక చిన్న పుస్తకము పెట్టుమంటిని. తేదీ, తూటాల పెట్టె సంఖ్య, మ్యాగజీను గుర్తు, ఎన్నవ తూటాకు నిలిచినది, ఎట్లు నిలిచినది అను అయిదు గడులు. శిక్షణశాలలో రెండు దినములు వ్రాసిన తరువాత చూడగా, నిలుచుట అంతయు 2వ మ్యాగజీనుతోనే. దాని నోటి పెదవి ఒకటి రవంత లోనికి వంగియున్నది. ఆ పుస్తకము చూపగానే అంగడివారు మ్యాగజీను మార్చి యిచ్చిరి. “చెడిపోయినది” అను మాటకు అంగడిలో వాదము పుట్టును. వ్రాసి చూపిన అయిదు గడులకు ఎదురు వాదము లేదు.

ఒకసారి ఒక్కటి మాత్రమే మార్చుడు, మార్చినది వ్రాయుడు. మనకు ఇది మఱింత ముఖ్యము. కొన్ని దేశములలో క్రొత్త తుపాకిని వందల తూటాలు పేల్చి అరగదీసి నునుపు చేయుదురు. మన లైసెన్సులో తూటాలకు పరిమితి కలదు, ధర యెక్కువ. కావున ప్రతి తూటాయు ఏదో ఒకటి తెలుపవలెను. పరీక్షయు అనుమతి గల శిక్షణశాలలోనే చేయవలెను. చేను గట్టున కాల్చిన .32 గుండు ఒక కిలోమీటరుకు మించి పోగలదు. అచ్చట కూలీలుందురు, పశువులుండును. పెండ్లిలో, జాతరలో గాలిలోనికి కాల్చి చూచుట పరీక్ష కాదు, నేరము. 2019లో సవరించిన చట్టము ప్రకారము ఇతరులకు ప్రమాదము కలుగునట్లు అట్లు కాల్చినవారికి రెండేండ్ల వఱకు ఖైదు, లక్ష రూపాయల వఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

ఇక మిగిలినది కఠినమైన మాట. తుపాకి నిలిచినప్పుడు “మన కమ్మరి ఆకురాయితో రెండు పట్లు పట్టిన సరిపోవును” అని చెప్పువారు ప్రతి యూరను ఉందురు. కమ్మర్‌పల్లి దాపుననున్న కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కు ఒకప్పుడు పారశీక దేశమునకు పోయి కత్తులైనది. వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పనిని చూచి వ్రాసిన వర్ణనము 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. అట్టి చేతుల గడ్డపై కమ్మరి నేర్పును తక్కువ చేసి మాటలాడు ధైర్యము నాకు లేదు. ఆ నేర్పు నెఱిగినవాడే నా మాటను ముందుగా ఒప్పుకొనును. పదును పెట్టిన పనిముట్టును తెలియక రుద్దినచో పదును పోవును. ట్రిగ్గరునకును హామరునకును నడుమ ఒకదానినొకటి పట్టియుంచు రెండు చిన్న అంచులుండును. వాని కోణము, గట్టిదనము తుపాకి ప్రాణము. అక్కడ వెండ్రుకవాసి అరిగినను ట్రిగ్గరు హాయిగా లాగుచున్నట్లుండును. ఒకనాడు తుపాకి బల్లపైనుండి జాఱిపడి తనంతట తాను పేలును. ఎదుట నున్నది మనుమడో, మనుమరాలో కావచ్చును.

చట్టమును అదే చెప్పుచున్నది. లైసెన్సు లేనివారు తుపాకి మరమ్మతు చేయుట 5వ సెక్షను ప్రకారము నిషిద్ధము. తుపాకిపై చెక్కిన సంఖ్యను చెఱపుట 8వ సెక్షను ప్రకారము నిషిద్ధము. కావున తుడుచుట, నూనె వేయుట, తూటాను మ్యాగజీనును మార్చి చూచుట, వ్రాసికొనుట, ఇంతవఱకే మన పని. అంతకు మించినది లైసెన్సు గల అంగడివానిది లేదా తయారీదారునిది. తీసికొని పోవునప్పుడు తుపాకి ఖాళీగా, తూటాలు వేఱుగా, లైసెన్సు పుస్తకము చెంత ఉండవలెను. ఇచ్చినట్లు రసీదు తీసికొనవలెను.

బాగై వచ్చిన తుపాకినైనను వెంటనే నమ్మరాదు. మరల శిక్షణశాలలో, మీరు నిత్యము ఉంచుకొను తూటాలతోనే, గుర్తు పెట్టిన ప్రతి మ్యాగజీనుతోను పరీక్షించి, ఒక్కమాఱైనను నిలువకుండ నడచిన పిమ్మటనే అది మీ చేతిదని యెంచుడు. అంతవఱకు దానిని తాళము వేసిన పెట్టెలోనే యుంచి, ఆ తాళపుచెవి పిల్లలకు అందని చోట దాచుడు.