కొవ్వు లెక్క తేల్చిన యంత్రం

మనిషి రక్తంలో ఒక వింత పదార్థం కనిపించినట్టే కనిపించి మాయమవుతోందని స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో 1930లలోనే గమనించారు. రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపుపచ్చని సీరాన్ని ఉన్నదున్నట్టు యంత్రంలో తిప్పితే అది ఒక తీరుగా, ఉప్పునీటితో పలచన చేసి తిప్పితే మరో తీరుగా కనబడేది. ఆల్బుమిన్, గ్లోబ్యులిన్, కొవ్వు కలిసి ఏర్పడి, ఇట్టే విడిపోయే కూటమి కాబోలని కాయ్ పెడర్సన్ అనే శాస్త్రవేత్త భావించారు. దానికి ‘ఎక్స్ ప్రోటీన్’ అని పేరు పెట్టారు. ఆ చిక్కు ఏళ్ల తరబడి విడలేదు. తీరా విడేసరికి తేలిందేమిటంటే, గుండె రక్తనాళాల్లో పేరుకునే కొవ్వును మోసుకెళ్లే రేణువులు అన్నాళ్లూ వాళ్ల ఫొటోల్లోనే ఉన్నాయి.

ఆ ఫొటోలు తీసిన యంత్రం అల్ట్రాసెంట్రిఫ్యూజ్.

గిరగిరా తిప్పి బరువైనదాన్ని, తేలికైనదాన్ని వేరుచేయడం స్వీడన్‌కు కొత్త కాదు. ఉప్సాలాలోనే చదువుకున్న గుస్తాఫ్ డి లావాల్ 1878లో పాల నుంచి మీగడ తీసే యంత్రాన్ని తయారుచేశారు. అయితే పాలలోని కొవ్వు బిందువు మైక్రోస్కోపులో కనబడేంత పెద్దది. ప్రోటీన్ అణువు సంగతి వేరు. చుట్టూ ఉన్న నీటి అణువులు దాన్ని అన్ని వైపుల నుంచీ క్షణక్షణం కుదిపేస్తుంటాయి. గ్లాసులో పోసి ఏడాది ఉంచినా అది అడుక్కు చేరదు. చేరాలంటే గురుత్వాకర్షణకు వేల రెట్లు, లక్షల రెట్లు బలం కావాలి.

ఉప్సాలాలోని రసాయన శాస్త్రవేత్త థియొడోర్ స్వెడ్‌బెర్గ్ ఆ బలాన్ని పుట్టించే పనిలో పడ్డారు. 1924లో హెర్మన్ రిండేతో కలిసి తొలి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌ను ప్రకటించారు. తిప్పడం ఒక్కటే అయితే పని సులువే. కానీ వేగం పెరిగేకొద్దీ గాలి రాపిడికి రోటర్, అంటే తిరిగే భాగం, వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి ద్రవంలో సుడులు రేగుతాయి. అడుక్కు దిగుతున్న అణువులు మళ్లీ కలగాపులగమవుతాయి. అందుకని స్వెడ్‌బెర్గ్ రోటర్ చుట్టూ గాలి తీసేసి, తక్కువ పీడనంలో హైడ్రోజన్ నింపారు. చమురు ధారలతో నడిచే టర్బైన్లు బిగించారు. 1926 కల్లా లక్ష రెట్ల గురుత్వాన్ని అందుకున్నారు.

ఆ రోజుల్లో చాలామంది రసాయన శాస్త్రవేత్తలు ప్రోటీన్లంటే జిగురు ముద్దలని, వాటికొక నిర్దిష్టమైన పరిమాణం ఉండదని అనుకునేవారు. స్వెడ్‌బెర్గ్ హీమోగ్లోబిన్‌ను తిప్పి చూస్తే అణువులన్నీ ఒకే వేగంతో, ఒకే గీతగా కదిలాయి. అణుభారం సుమారు 68,000 అని తేలింది. ప్రోటీన్ కూడా అసలు సిసలు అణువేనని అలా రుజువైంది. 1926 నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది.

కానీ అంతటి యంత్రం ఎంతమందికి అందుబాటులో ఉంటుంది? దానికి ప్రత్యేకంగా భవనం కావాలి, పంపులు కావాలి, చేయి తిరిగిన మెకానిక్కులు కావాలి. ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. దాన్ని బజారులో కొనుక్కోగల పరికరంగా మార్చింది అమెరికన్లు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జెస్సీ బీమ్స్ రోటర్‌ను సన్నని, వంగే ఇరుసుకు వేలాడదీసి, శూన్యంలో తిప్పవచ్చని చూపించారు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ పికెల్స్ ఆ ఆలోచనకు విద్యుత్ మోటారు, శీతలీకరణ, కెమెరా జోడించి కాలిఫోర్నియాలో స్పిన్‌కో అనే చిన్న కంపెనీ పెట్టారు. 1947లో ‘మోడల్ ఈ’ బయటికొచ్చింది. డీఎన్‌ఏ తనను తాను ఎలా నకలు తీసుకుంటుందో 1958లో మెసెల్సన్, స్టాల్ తేల్చిచెప్పింది కూడా ఈ మోడల్ మీదే. జీవశాస్త్రం ఈ ఒక్క పరికరానికి ఎంత రుణపడి ఉందో చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు.

మోడల్ ఈ బయటికొచ్చిన ఆ రోజుల్లోనే బర్క్‌లీలోని డానర్ ప్రయోగశాలకు జాన్ గోఫ్‌మన్ వచ్చారు. 1918లో క్లీవ్‌ల్యాండ్‌లో పుట్టిన గోఫ్‌మన్ చదువు రెండు దారుల్లో నడిచింది. గ్లెన్ సీబోర్గ్ దగ్గర అణు రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేస్తూ యురేనియం-233ను కనిపెట్టిన బృందంలో ఉన్నారు. యుద్ధకాలంలో అణుబాంబు పనిలో ఉన్న ఓపెన్‌హైమర్ అడిగితే, ఒక టన్ను యురేనియం లవణం నుంచి మిల్లీగ్రాము పైచిలుకు ప్లుటోనియాన్ని వేరుచేసి ఇచ్చారు. ఆ తర్వాత వైద్యం చదివి 1946లో డాక్టరయ్యారు. గుట్టలోంచి రవ్వంతను ఏరి తీయడం తెలిసిన మనిషి, ఇప్పుడు ఆ నేర్పును గుండెజబ్బు మీద పెట్టారు.

అప్పటికి కొలెస్ట్రాల్ మీద అనుమానం పాతదే. 1913లోనే రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ పొద్దుతిరుగుడు నూనెలో కలిపిన కొలెస్ట్రాల్‌ను కుందేళ్లకు తినిపించి, వాటి ధమనుల్లో మనిషి ధమనుల్లో వచ్చేలాంటి పూడికలే రావడం చూపించారు. కానీ కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు. మరి రక్తంలో అది ఎలా ప్రయాణిస్తోంది? పారిస్‌లో మిషెల్ మాష్‌బఫ్ 1929లో గుర్రపు సీరం నుంచి కొవ్వు, ప్రోటీన్ కలగలిసిన ఒక పదార్థాన్ని వేరుచేశారు. అంటే కొవ్వుకు ప్రోటీన్ వాహనం ఉంది. అయితే ఆ వాహనం ఒకటేనా, పలు రకాలా అన్నది ఎవరికీ తెలియదు.

గోఫ్‌మన్, ఆయన విద్యార్థి ఫ్రాంక్ లిండ్‌గ్రెన్ మోడల్ ఈలో సీరాన్ని తిప్పినప్పుడు వాళ్లకూ ఎక్స్ ప్రోటీన్ ఎదురైంది. వాళ్లు దాని సాంద్రత గురించి ఆలోచించారు. కొవ్వు నిండిన రేణువు తేలిక. దాని సాంద్రతా, చుట్టూ ఉన్న సీరం సాంద్రతా ఇంచుమించు సమానమైతే అది మునగదు, తేలదు, మధ్యలో వేలాడుతుంది. వేరే ప్రోటీన్లు అడుక్కు దిగేకొద్దీ ఒక్కోచోట ద్రవం చిక్కబడుతుంది, అక్కడ ఈ రేణువులు గుంపుగా చిక్కుకుంటాయి. ఎక్స్ ప్రోటీన్ అంటూ విడిగా ఏదీ లేదు. ఫొటోలో కనబడినది కొవ్వు రేణువుల ట్రాఫిక్ జామ్.

అలాగైతే ద్రవాన్నే బరువెక్కిస్తే సరి. సీరంలో ఉప్పు కలిపి సాంద్రతను మిల్లీలీటరుకు 1.063 గ్రాములకు తెచ్చారు. మామూలు ప్రోటీన్లు బయటి అంచు వైపు దిగిపోతుంటే, కొవ్వు రేణువులు ఎదురు తిరిగి లోపలికి, ఇరుసు వైపుకి తేలడం మొదలుపెట్టాయి.

ఆ ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ముందు ఒక యంత్రంలో గంటల తరబడి తిప్పి, తేలిన పై పొరను పిపెట్‌తో జాగ్రత్తగా తీస్తారు. దాన్ని రెండు పారదర్శకమైన కిటికీలున్న చిన్న గదిలో నింపి మోడల్ ఈ రోటర్‌లో బిగిస్తారు. ఉష్ణోగ్రత 26 డిగ్రీల సెల్సియస్. వేగం నిమిషానికి 52,640 చుట్లు, అంటే సెకనుకు 877. ఇరుసుకు ఆరున్నర సెంటీమీటర్ల దూరంలో ఉన్న బిందువు మీద గురుత్వాకర్షణకు దాదాపు రెండు లక్షల రెట్ల బలం పడుతుంది. ఒక గ్రాము వస్తువు రెండు క్వింటాళ్లు తూగినంత. రోటర్ విరిగితే ముక్కలు తూటాల్లా లేస్తాయి కనుక చుట్టూ మందమైన ఉక్కు కవచం ఉంటుంది. తిరుగుతున్న ఆ గదిలోంచి వెలుతురు పంపి, కొన్ని నిమిషాలకొకసారి ఫొటో తీస్తారు. ప్లేటు మీద ఒక గీత, ఆ గీత మీద గుట్టలు. ఒక్కో గుట్ట ఒక్కో జాతి రేణువు. త్వరగా తేలినది పెద్దది, తేలికైనది. మెల్లగా తేలినది చిన్నది, చిక్కనిది. తేలే వేగానికి స్వెడ్‌బెర్గ్ పేరు మీదే కొలమానం పెట్టుకున్నారు.

ఈ విశ్లేషణ 1949లో, దానికీ గుండెజబ్బుకూ ఉన్న సంబంధం మీద వ్యాసం 1950లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. గోఫ్‌మన్ వాదన సూటిగా ఉంది. ఇద్దరి రక్తంలో మొత్తం కొలెస్ట్రాల్ సమానంగా ఉన్నా, దాన్ని మోసే రేణువులు వేరు కావచ్చు. గుండెపోటు వచ్చినవాళ్ల సీరంలో కొన్ని జాతులు ఎక్కువగా ఉన్నాయి. చూడాల్సింది కొలెస్ట్రాల్ ఎంత ఉందని మాత్రమే కాదు, అది ఏ బండిలో ఎక్కిందని కూడా.

ఈ మాట అందరికీ రుచించలేదు. మొత్తం కొలెస్ట్రాల్ పరీక్ష ఏ ఆస్పత్రిలోనైనా చవగ్గా అవుతుంది. దీనికేమో ఖరీదైన యంత్రం కావాలి, దాన్ని నడిపే నిపుణుడు కావాలి. నిజమేమిటో తేల్చడానికి అమెరికా ప్రభుత్వ సాయంతో బర్క్‌లీ, క్లీవ్‌ల్యాండ్, హార్వర్డ్, పిట్స్‌బర్గ్‌లలోని నాలుగు ప్రయోగశాలలు కలిసి సుమారు ఐదు వేల మంది మగవాళ్లను పరిశీలించాయి. 1956లో నివేదిక వచ్చింది, దాంట్లోనే రెండు తీర్పులు. లైపోప్రోటీన్ల, అంటే కొవ్వు మోసే ఈ రేణువుల, కొలత మామూలు కొలెస్ట్రాల్ పరీక్ష కంటే ఎక్కువేమీ చెప్పడం లేదని మూడు ప్రయోగశాలలు రాస్తే, బర్క్‌లీ బృందం ఒప్పుకోకుండా తన వాదాన్ని విడిగా రాసుకుంది. మెజారిటీ మాటే చెల్లింది. జబ్బును ముందుగా పసిగట్టడంలో అప్పటికి రెండు కొలతలకూ పెద్ద తేడా లేదన్నది లెక్కల ప్రకారం నిజమే కావచ్చు. కానీ జబ్బు ఎందుకొస్తుందన్న ప్రశ్నకు సమాధానం రేణువుల్లోనే ఉంది. రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే తక్కెడలో తూచడం వల్ల ఈ రంగం ఏళ్ల తరబడి నష్టపోయింది.

గోఫ్‌మన్ అప్పటికే మరో ముఖ్యమైన సంగతి గమనించారు. జంతువుల కొవ్వు ఎక్కువ తింటే ఒక జాతి రేణువులు, పిండిపదార్థాలు ఎక్కువ తింటే మరో జాతి పెరుగుతున్నాయి. ఈ రెండోవి ట్రైగ్లిజరైడ్లు నిండిన పెద్ద రేణువులు. మూడు పూటలా అన్నం మీదే బతికే మన కుటుంబాలు పట్టించుకోవాల్సిన సంగతి ఇది. తర్వాత కాలంలో గోఫ్‌మన్ అణుధార్మికత ప్రమాదాల మీద పోరాటానికి మళ్లారు. 2007లో కన్నుమూశారు.

యంత్రం మాత్రం ఆగలేదు. 1955లో రిచర్డ్ హేవెల్, హోవార్డ్ ఈడర్, జోసెఫ్ బ్రాగ్డన్ కలిసి మెరుగైన పద్ధతిని ప్రచురించారు. కెమెరా, గుట్టలు అక్కర్లేదు. సీరం సాంద్రతను మెట్టుమెట్టుగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర తిప్పి, తేలిన పొరను తీసుకోవడమే. 1.006 కంటే తేలికైనవి వీఎల్‌డీఎల్ (అతి తక్కువ సాంద్రత లైపోప్రోటీన్), 1.019 నుంచి 1.063 వరకు ఎల్‌డీఎల్ (తక్కువ సాంద్రత), అక్కడి నుంచి 1.21 వరకు హెచ్‌డీఎల్ (ఎక్కువ సాంద్రత). నేడు మన నోళ్లలో నానే ఈ పేర్లన్నీ అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో ఏది ఎక్కడ తేలిందన్న దాన్నిబట్టి వచ్చినవే.

1960 ప్రాంతంలో వర్జీనియా తీరానికి దూరంగా, చెసపీక్ ఖాతంలోని టాంజియర్ దీవి నుంచి ఐదేళ్ల పిల్లాడొకడు వైద్యుల దగ్గరికి వచ్చాడు. వాడి టాన్సిల్స్ వాచి, నారింజ రంగులో ఉన్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో డొనాల్డ్ ఫ్రెడ్రిక్సన్ బృందం పరీక్షిస్తే ఆ టాన్సిల్స్ నిండా కొలెస్ట్రాలే. సీరాన్ని తిప్పి చూస్తే హెచ్‌డీఎల్ ఉండాల్సిన చోట దాదాపు ఏమీ లేదు. వాడి అక్కకూ అంతే. కణాల్లోని కొలెస్ట్రాల్‌ను బయటికి మోసుకెళ్లడంలో హెచ్‌డీఎల్‌కు పాత్ర ఉందని ఊహించడానికి ఆ కుటుంబం దారి చూపింది. కారణమైన జన్యువు దొరకడానికి 1999 దాకా పట్టింది.

డాలస్‌లో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ కూడా ఇదే యంత్రంతో ఎల్‌డీఎల్‌ను వేరుచేసి, దానికి రేడియోధార్మిక అయొడిన్ తగిలించి, చర్మకణాలకు అందించి చూశారు. ఆరోగ్యవంతుల కణాలు దాన్ని పట్టుకుని లోపలికి లాక్కున్నాయి. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్నవాళ్ల కణాలు పట్టుకోలేకపోయాయి. అలా 1970లలో బయటపడ్డ ఎల్‌డీఎల్ రిసెప్టర్‌కు 1985లో నోబెల్ వచ్చింది.

ఆస్పత్రులకు అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అవసరాన్ని తప్పించింది మాత్రం ఒక చిన్న లెక్క. విలియం ఫ్రీడ్‌వాల్డ్, రాబర్ట్ లెవీ, ఫ్రెడ్రిక్సన్ 1972లో 448 మంది సీరాలను యంత్రంతో వేరుచేసి చూసి ఒక సూత్రం రాశారు. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. మొత్తం 210, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 150 అనుకోండి. 210లోంచి 40, మరో 30 పోతే 140. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డయాగ్నొస్టిక్ సెంటర్ ఇచ్చే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు తీసి చూడండి. చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ అంకె కొలిచింది కాదు, ఇలా తీసివేతతో వచ్చింది. నేరుగా కొలిచే రసాయన పరీక్షలూ తర్వాత వచ్చాయి కానీ, ఈ లెక్క ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ అయిదో వంతు అందరికీ వర్తించదు. పరగడుపున కాకుండా రక్తం ఇచ్చినా, ట్రైగ్లిజరైడ్లు 400 దాటినా సూత్రం చెల్లదని దాన్ని రాసినవాళ్లే హెచ్చరించారు. ట్రైగ్లిజరైడ్లు పెరిగి, ఎల్‌డీఎల్ బాగా తగ్గినప్పుడు కూడా అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లలో ఈ పరిస్థితి తరచుగా కనబడుతుంది. రిపోర్టులో అంకె తక్కువగా ఉందని నిశ్చింతగా ఉండిపోతే నష్టపోయేది ఆ మనిషి గుండే.

ఈ లోపాన్ని సవరించాలనుకున్న ప్రతిసారీ పరిశోధకులు పాత యంత్రం దగ్గరికే వెళ్లారు. జాన్స్ హాప్కిన్స్‌లో సేత్ మార్టిన్ బృందం 2013లో అయిదుకు బదులు ఒక్కో మనిషికి ఒక్కో భాజకాన్ని సూచించే పట్టిక తయారుచేసింది. దానికి ఆధారం అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసిన 13.5 లక్షల నమూనాలు. జాతీయ ఆరోగ్య సంస్థ 2020లో ట్రైగ్లిజరైడ్లు 800 వరకు పనికొచ్చే కొత్త సమీకరణం ఇచ్చింది. అదీ అల్ట్రాసెంట్రిఫ్యూజ్ ఫలితాలతో సరిచూసుకున్నదే. ఎల్‌డీఎల్ పరీక్షలు నిక్కచ్చిగా ఉన్నాయో లేదో తేల్చే ప్రామాణిక పద్ధతిలో సీరాన్ని లక్షా అయిదు వేల రెట్ల గురుత్వంలో 18 గంటలు తిప్పుతారు.