ఉపాధ్యాయ నియోజకవర్గం – చుక్కా రామయ్య శాసనమండలి సభ్యత్వం: ఒక పరిశీలన

భారత రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలి సభ్యులలో సుమారు పన్నెండవ వంతును ఉపాధ్యాయులు ఎన్నుకోవాలని నిర్దేశించింది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1985లో రద్దయి, 2007లో పునరుద్ధరింపబడింది. అప్పుడు ఉపాధ్యాయ నియోజకవర్గం నుండి సభలో ప్రవేశించిన వారిలో చుక్కా రామయ్య ఒకరు. ఆయన జీవనవృత్తి ఈ నియోజకవర్గ స్వరూపాన్నే ప్రశ్నార్థకం చేస్తుంది.

నేటి జనగామ జిల్లాలోని గూడూరు ఆయన స్వగ్రామం. నిజాం వ్యతిరేక పోరాటంలో పాల్గొన్న ఆయన, తర్వాత ప్రభుత్వ విద్యాసంస్థలలో గణితం బోధించారు. ఉద్యోగ విరమణానంతరం హైదరాబాదు నల్లకుంటలో ఐఐటీ ప్రవేశపరీక్షలకు శిక్షణాకేంద్రం నెలకొల్పారు. ‘ఐఐటీ రామయ్య’ అన్న పేరు అలా వచ్చిందే. ప్రభుత్వ బోధన, రుసుముతో నడిచే శిక్షణ, శాసనసభ్యత్వం అనే మూడు దశలు ఒకే వ్యక్తిలో కలిశాయి.

ఇక్కడ చట్టాన్ని నిశితంగా చూడాలి. ఓటరు కావాలంటే మాధ్యమిక స్థాయికి తగ్గని విద్యాసంస్థలో కనీసం మూడేళ్లు బోధించి ఉండాలి. ఆ మూడేళ్లు గడచిన ఆరేళ్లలోనివై ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నది. ఏ సంస్థలు అర్హమైనవో ఎన్నికల సంఘం సమ్మతితో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఫలితంగా ప్రాథమిక పాఠశాలలో అక్షరాలు దిద్దించే ఉపాధ్యాయునికి ఈ ఓటు లేదు. పాఠశాలగా గుర్తింపు లేని శిక్షణాకేంద్రంలో బోధించేవారి స్థితీ సాధారణంగా అంతే. ప్రాథమిక స్థాయిని విడిచిపెట్టడం, నా దృష్టిలో, ఈ ఏర్పాటులోని పెద్ద లోపం.

అభ్యర్థి విషయం వేరు. పట్టభద్ర నియోజకవర్గంలో పోటీచేసే వ్యక్తి పట్టభద్రుడు కానక్కర లేదని నారాయణస్వామి – పన్నీర్‌సెల్వం వ్యాజ్యంలో 1972లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే తర్కం ఉపాధ్యాయ స్థానాలకూ వర్తిస్తుంది. అంటే రాజ్యాంగం ఓటరు వృత్తిని నిర్ణయించింది కాని ప్రతినిధి వృత్తిని కాదు. అందువల్లనే వృత్తిసంఘ నాయకులకు, విద్యావ్యాపారులకు, రామయ్య వంటి బోధకులకు ఈ ద్వారం సమానంగా తెరిచి ఉన్నది. వారిలో ఎవరిని పంపాలన్నది పూర్తిగా ఆ పరిమిత ఓటర్ల విచక్షణ. ప్రాథమిక ఉపాధ్యాయులకు అందులో భాగం లేదు. వారు పట్టభద్రులైతే పట్టభద్ర నియోజకవర్గంలో ఓటు వేయగలరు, అంతే.