మా తరువాత వీరికి దిక్కెవరు?

కోనసీమలో వృద్ధగౌతమీ తీరమున నున్న మురమళ్ళ గ్రామము భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామివారి నిత్యకల్యాణమునకు ప్రసిద్ధమైనది. బిడ్డలకు వివాహము కుదురని తల్లిదండ్రులు దూరప్రాంతముల నుండి వచ్చి, స్వామివారికి కల్యాణము జరిపించి, తమ యింటను మంగళవాద్యములు మ్రోగవలెనని మ్రొక్కుకొందురు. భక్తుల విశ్వాసముతో మాకు వివాదము లేదు. కాని వివాహమును గూర్చి మన పల్లెలలో వ్యాపించియున్న వేరొక నమ్మికను నేడు విచారింపవలసియున్నది. బుద్ధిమాంద్యముగల కుమారునకు పెండ్లి చేసినచో నంతయు చక్కబడునని పెద్దలు చెప్పుదురు. పలువురు దానిని నమ్ముదురు.

ఈ నమ్మికను మౌఢ్యమని త్రోసిపుచ్చుట సులభము. దాని యడుగున నున్న భయమును చూడవలయును. తాము కన్ను మూసిన పిదప వీనికి కంచములో నన్నము పెట్టువారెవరను ప్రశ్నయే యా భయము. కోడలు వచ్చినచో నామె చూచుకొనునని తల్లి యాశ. తెలిసి, యిష్టపడి చేసికొను వివాహము వేరు. నిజము దాచి చేయు వివాహము వేరు. ఈ రెండవదానియందు భార్యయను పేర నొక పరిచారికను దెచ్చుచున్నారు. ఆ బాలిక బ్రదుకే దానికి మూల్యమగుచున్నది. మాంద్యముగల బిడ్డ యాడుదియైనచో తల్లి కీ యాశయు లేదు.

బుద్ధిమాంద్యము ఉన్మాదము కాదు. గర్భమునందో, ప్రసవకాలమునందో, శైశవమునందో మెదడు ఎదుగుదలకు కలిగిన లోపము. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ మున్నగునవి కొందరియందు దీనితో కలిసి యుండును. ఇది మందులకు తొలగదు, పెండ్లికి తొలగదు. కాని ఓర్పుతో నేర్పినచో వీరు నేర్చుకొందురు. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ ఈ విద్యను నేర్పు నుపాధ్యాయులకు శిక్షణ నిచ్చుచున్నది. చట్టము వీరికి పదునెనిమిదవ యేటివరకు ఉచితవిద్యకు హక్కు నిచ్చినది. ఆ యేడు దాటిన మరునాడేమి? బడి తలుపు మూయబడును; పని తలుపు తెరువబడదు. ముప్పదియేండ్ల మనుష్యుడు వీధియరుగుపై గూర్చుండి పిల్లల యెగతాళికి గురియగుచుండును.

పూర్వము ఉమ్మడి కుటుంబములో పెదతండ్రియో, మేనత్తయో ఇట్టివానిని కనిపెట్టి యుండెడివారు. నేడు కోనసీమ యువకులు నగరములకు పోవుచున్నారు. స్త్రీలు పలువురు ఇంటిపనికై కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోవుచున్నారు. పరుల బిడ్డలను పెంచుటకు సముద్రము దాటిన చెల్లెలు తన యన్నను చూడజాలని కాలమిది.

రాష్ట్రప్రభుత్వము వికలాంగుల పింఛనును 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయలకు హెచ్చించినది. ఇది శ్లాఘ్యము. అయినను పింఛను అన్నము వండదు. చేయిపట్టి వీధి దాటింపదు. 2025లో వైకల్య ధ్రువపత్రముల పునఃపరిశీలనము జరిగి పెక్కుమందికి తాఖీదులు వచ్చినవి. బిడ్డ యే పనియైన చేయుచు కనబడినచో పింఛను పోవునేమో యను శంక తల్లిదండ్రులకు కలుగుట సహజము. పని నేర్చుట పింఛనుకు శత్రువు కాదని ప్రభుత్వము స్పష్టముగా ప్రకటింపవలయును.

శాసనములకు కొరత లేదు. మన రాజ్యాంగము 41వ అధికరణమున పనిచేయు హక్కును, వైకల్యమున సహాయము పొందు హక్కును ఒక్కచోటనే చెప్పినది. 1995 నాటి శాసనము ఉద్యోగములలో వికలాంగులకు నూటికి మూడు కేటాయించియు బుద్ధిమాంద్యముగలవారిని ఆ లెక్కలో చేర్చలేదు. 2016 నాటి శాసనము ఆ దోషమును దిద్ది, నూటికి నాలుగు కేటాయించి, అందొకటి బుద్ధిమాంద్యము, ఆటిజము, మానసికవ్యాధి మున్నగు వైకల్యములు గలవారికి పంచినది. సమాజమున నివసించుట వీరి హక్కనియు, ఏదో యొక నివాసమున నుండవలెనని వీరిని నిర్బంధింపరాదనియు అదే శాసనము అయిదవ విభాగము పలికినది. 1999 నాటి నేషనల్ ట్రస్టు శాసనము సంరక్షకుల నియమించుటకు స్థానిక సంఘముల నేర్పరచినది. ఈ హక్కులు కాగితము దాటి గ్రామము చేరుటయే మిగిలియున్నది.

అందరిని జేర్చి యొక పెద్ద యాశ్రమమున నుంచరాదా యని కొంద రడుగుదురు. దేశ రాజధానిలోని ‘ఆశాకిరణ్’ ప్రభుత్వ వసతిగృహమున 2024 జూలై నెలలో పదిమందికి మించి మరణించుట దేశమెల్ల నెరిగినదే. వందలమంది నొక ప్రహరిలో నిడినచోట ప్రతివాని ఆకలియు, జ్వరమును కనిపెట్టువారుండరు. అయిదారుగురు నివసించు చిన్న యిల్లు, తోడుండు నొకరిద్దరు పరిచారకులు, ప్రక్కనే యిరుగుపొరుగు: ఇదియే మేలైన పద్ధతి.

ఇది సాధ్యమా యను సందేహమునకు బెల్జియము దేశములోని గేల్ పట్టణము సమాధానము చెప్పుచున్నది. అదియు మురమళ్ళవలె యాత్రాస్థలమే. సెయింట్ డింఫ్నా దేవాలయమునకు స్వస్థత గోరి మతిచెడినవారిని, బుద్ధిమాంద్యముగలవారిని తోడ్కొనివచ్చెడివారు. గుడియొద్ద చోటు చాలక ఊరివారు వారిని తమ యిండ్లలో నుంచుకొని, పొలము పనులలో తోడుచేసికొనిరి. శతాబ్దములు గడచి, 1938 నాటికి ఇట్టి యతిథులు మూడున్నర వేలకు మించిరి. నేడు సంఖ్య మిక్కిలి తగ్గినను ఆచారము నిలిచియున్నది.

ఇక పని. 1970 ప్రాంతమున అమెరికాలో మార్క్ గోల్డ్ అను విద్యావేత్త, తీవ్రమైన మాంద్యము గలవారిచేత సైకిలు బ్రేకు భాగములను తప్పులేక కూర్పించెను. ఆయన చేసినదెల్ల పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టును నేర్పుటయే. కోనసీమ పనులు ఇందుకు మిగుల ననుకూలములు. దింపు, ఒలుపు ప్రమాదముతో కూడిన పనులు, వానిని విడుతము. కాయలను పరిమాణమునుబట్టి వేరుచేయుట, పీచు నెండబెట్టుట, ఈనెలు చీల్చి చీపుళ్ళు కట్టుట, నర్సరీలలో సంచులకు మట్టి నింపుట, పూలు గ్రుచ్చుట వీరు నేర్వగల పనులు. మొదట పనిలో జేర్చి, ప్రక్కన నొక నేర్పరిని నిలిపి, వాడు క్రమముగా తప్పుకొనవలయును.

రెండు జాగ్రత్తలు కావలయును. కూలి దయగా నిచ్చు చిల్లర కారాదు. చేసిన పనికి తగినంత వారి పేరనే జమ కావలయును. స్త్రీలుండు నిండ్లకు నమ్మకమైన స్త్రీల పర్యవేక్షణ, తల్లిదండ్రుల రాకపోకలు తప్పనిసరి కావలయును. మోసమును, అత్యాచారమును తలచి తల్లులు బిడ్డలను గడప దాటనీయకున్నారు. వారి భయము నిరాధారము కాదు.

కావున మేము కోరునది స్వల్పము. కోనసీమ జిల్లా కలెక్టరుగారు ఊరూర నున్న వయోజనుల లెక్క తీయింపవలయును. మండలమున కొక చిన్న యిల్లు, పని నేర్పు నొక మనిషి యేర్పడవలయును. పంచాయతీలు, పొదుపు సంఘములు, కొబ్బరి వర్తకులు తలకొక్క పని చూపవలయును. నిత్యకల్యాణమునకు పూదండలు, కొబ్బరికాయలు నిత్యము కావలసిన మురమళ్ళలో నీ కార్య మారంభింపవచ్చును. స్వామి కల్యాణమునకు దండ గ్రుచ్చి కూలి తెచ్చుకొను కుమారుని చూచిన తల్లి, ఎవరి బిడ్డనో దాసిగా తెచ్చుకొన తలపదు. స్వరాజ్యమని మనము పోరాడి తెచ్చుకొన్నది మాటాడగలవారికి మాత్రమే కాదు. తమ హక్కు నడుగ నేరనివారికిని అది చెందవలయును.