గిటార్ తల వంకరగా ఉందా? ముందు తీగ దారి చూడండి!

ఫోన్‌లో ఏదైనా ఎలక్ట్రిక్ గిటార్ ఫొటో తెరిచి, తల దగ్గర జూమ్ చేయండి. తీగల్ని బిగించే ట్యూనర్లు ఏ పక్కన ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అటు మూడు, ఇటు మూడు ఉంటే అది గిబ్సన్ పద్ధతి. ఆరూ ఒకే పక్కన వరసగా ఉంటే ఫెండర్ పద్ధతి. ఈ రెండూ మనకు అలవాటైన ముఖాలే. కానీ కొన్నింటికి ఒక పక్క నాలుగు, ఇంకో పక్క రెండు ఉంటాయి. చూడగానే 'ఇదేంటి, బిగించినవాడు లెక్క తప్పాడా?' అనిపిస్తుంది.

ఎవరూ లెక్క తప్పలేదు. ఆ వంకర వెనక ఓ తిన్నని లెక్కే ఉంది.

గిటార్ మెడ, తల కలిసేచోట ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన సన్నటి పట్టీ ఉంటుంది. దాన్నే నట్ అంటారు. ఆరు తీగలూ దాని గాడుల్లోంచి వెళ్లి ట్యూనర్లకు చుట్టుకుంటాయి. అటు మూడు, ఇటు మూడు ఉన్న తలలో చివరి తీగలు కాస్త తిన్నగానే పోతాయి. మధ్యలో ఉండే డి, జి తీగలు మాత్రం నట్ దాటగానే పక్కకు ఒంగాలి. పైగా గిబ్సన్ లెస్ పాల్ లాంటి వాటిలో తల వెనక్కి దాదాపు 17 డిగ్రీలు వాలి ఉంటుంది. అంటే తీగ ఒకేసారి కిందికీ పక్కకీ తిరగాలి. సందు మలుపులో ఆటో ఇరుక్కున్నట్టు, ఆ గాడిలో తీగ ఇరుక్కుంటుంది. మీరు బెండ్ చేసి వదిలినప్పుడు పూర్తిగా వెనక్కి రాదు. అంతే, శ్రుతి పోయింది. ట్యూన్ చేసేటప్పుడు 'టింగ్'మని చిన్న శబ్దం వస్తే, గాడిలో ఇరుక్కున్న తీగ ఒక్కసారిగా జారిందన్నమాట. మనం మాత్రం పాపం ట్యూనర్లను తిట్టుకుంటాం!

ఈ తలనొప్పికి మందు కరెంటు గిటార్ పుట్టకముందే ఉంది. 19వ శతాబ్దం మొదట్లో వియన్నాలో యోహాన్ గేయార్గ్ స్టౌఫర్ అనే ఆయన ఆరు ట్యూనర్లనూ ఒకే పక్కన పెట్టి గిటార్లు చేశాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న సి.ఎఫ్. మార్టిన్ 1833లో అమెరికా వెళ్లి, మొదట్లో అలాంటి తలలే చేశాడు. 1948లో పాల్ బిగ్స్‌బీ, మెర్ల్ ట్రావిస్ అనే వాద్యకారుడి కోసం చేసిన ఎలక్ట్రిక్ గిటార్‌కూ ఆరూ ఒకే వరస. 1950లో లియో ఫెండర్ అదే పద్ధతిని ఫ్యాక్టరీలోకి తెచ్చాడు. తీగలు తిన్నగా వెళ్తాయి, సరే. కానీ ఆరూ ఒకే వరసలో పట్టాలంటే తల పొడుగ్గా ఉండాలి. చివరి తీగలు నట్‌కు చాలా దూరం పోతాయి. అవి పైకి లేవకుండా మధ్యలో చిన్న కొక్కెం లాంటిది బిగించాల్సి వస్తుంది.

మరి తల పొట్టిగా ఉండాలి, తీగా తిన్నగా పోవాలి. ఎట్టా?

ఫెండర్ తన కంపెనీని 1965లో సీబీఎస్‌కు అమ్మేశాక, తర్వాత మ్యూజిక్ మ్యాన్ సంస్థలో పనిచేశాడు. అక్కడ 1976లో వచ్చిన స్టింగ్‌రే బేస్‌కు నాలుగు ట్యూనర్లు. పైన మూడు, కింద ఒకటి! 1984లో ఆ సంస్థను ఎర్నీ బాల్ కొన్నాడు. తర్వాత వచ్చిన సిల్హౌట్ గిటార్‌కు నాలుగు-రెండు తల పెట్టారు. లావు తీగలు నాలుగూ ఒక పక్క, సన్నవి రెండూ ఇంకో పక్క. తల చిన్నదైంది, తీగలు దాదాపు తిన్నగానే పోతున్నాయి. ఇంకో సంగతి, ఫెండర్ తల ఆకారం ట్రేడ్‌మార్క్. కాబట్టి మిగతా కంపెనీలు ఎలాగూ తమ తల తాము వెతుక్కోవాల్సిందే.

'ఇదంతా అమెరికా గోల, మనకెందుకు?' అంటారా? మన వీణను చూడండి. దానికి ఏడు తీగలు. వాయించే తీగలు నాలుగింటి బిరడలు తల దగ్గర రెండు పక్కలా రెండేసి ఉంటాయి. తాళం తీగల బిరడలు మూడూ దండి పక్కన విడిగా ఉంటాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చెక్కేవాళ్లను 'ఇదేం వంకర?' అని ఎవరూ అడగరు. ఏ తీగ ఏ పని చేస్తుందో దాన్నిబట్టే దాని బిరడ చోటు.

ఇంకా దగ్గరి ఉదాహరణ పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. జతను ఒకేలా లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జతల బదులు ఒంటి తీగలు, అవీ ఐదు వాడారు. ఐదింటిని రెండు పక్కలకూ సమానంగా పంచడం ఎవరి తరం? ఆ వాయిద్యంతోనే కచేరీ వేదికలు ఏలారు, జాన్ మెక్‌లాగ్లిన్ 'రిమెంబర్ శక్తి'లో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు.

ఇప్పుడు మా ఒంగోలు సంగతి. ఇక్కడ గిటార్ ఎక్కువగా వినపడేది చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో. మా బాబాయి కొడుకు మిర్చి కోల్డ్ స్టోరేజీలో రెండు నెలలు బస్తాల లెక్క రాసి, వచ్చిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ గిటార్ కొందామనుకున్నాడు. వారంలో ఆర్కెస్ట్రావాళ్లు వాయించి చూపించమన్నారు. నచ్చితే ఆ సీజన్ అంతా పని. ఒకే ధరకు రెండు దొరికాయి. ఒకటి మూడు-మూడు, అద్దంలా మెరుస్తోంది. రెండోది నాలుగు-రెండు, గీతలు పడింది.

"ఏందిరా ఇది, తల వంకరగా ఉంది. డూప్లికేట్ మాలేమో!" అన్నాడు బాబాయ్.

"అన్నా, నువ్వేమంటావ్?" అన్నాడు వాడు.

"నేననేది ఏంలేదురా, తీగనే అడుగుదాం" అన్నాను. రెండూ ట్యూనర్ యాప్ పెట్టి శ్రుతి చేశాం. జి తీగను పదిసార్లు గట్టిగా బెండ్ చేసి వదిలాం. మెరిసేది ప్రతిసారీ కిందికి జారింది. గీతలది కదల్లేదు.

బాబాయ్ ఒక నిమిషం యాప్ వంకే చూసి, "సరే, వంకరదే తీసుకో" అన్నాడు. వాడు దాంతోనే వెళ్లి వాయించాడు. ఆ సీజన్ పెళ్లిళ్లన్నీ తిరిగాడు.

అలాగని మూడు-మూడు చెత్త అనుకోకండి. ప్రపంచంలో ఎన్నో గొప్ప పాటలు దానిమీదే పుట్టాయి. గాడి సరిగ్గా కోస్తే అదీ నిలబడుతుంది. మీరు కొనేముందు ఈ నాలుగు చూసుకోండి చాలు.

ఒకటి: ఎదురుగా పెట్టుకుని, నట్ నుంచి ట్యూనర్ దాకా ప్రతి తీగ ఎంత పక్కకు ఒంగుతోందో చూడండి.

రెండు: జి తీగతో బెండ్ పరీక్ష. యాప్ ఫ్రీగానే దొరుకుతుంది.

మూడు: 'టింగ్' వినిపిస్తే, తీగ తప్పించి గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దండి. అందులోని గ్రాఫైట్ తీగను జారనిస్తుంది. ట్యూనర్లు మార్చడానికి వేలు పోసేముందు ఈ ఐదు రూపాయల వైద్యం చేసి చూడండి.

నాలుగు: మన ఎండలకు తీగ వేడెక్కి సాగుతుంది, శ్రుతి దిగుతుంది. ఏసీ గదిలో ట్యూన్ చేసి తిన్నగా పందిట్లోకి వెళ్లకండి. స్టేజీ దగ్గర పది నిమిషాలు ఉంచి, అక్కడే మళ్లీ ట్యూన్ చేయండి. అది ఏ తల గిటారైనా సరే!