అలసటను బద్ధకమనకండి

ఎడతెగని అలసట, పెరుగుతున్న బరువు, మలబద్ధకం, చలికి తాళలేకపోవడం, నెలసరిలో మార్పులు... ఇల్లాలిలో ఇవి కనిపిస్తే బద్ధకమని నిందించకండి. థైరాయిడ్ గ్రంథి మందగించి ఉండవచ్చు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రక్తపరీక్షలతో ఆ సంగతి తేలుతుంది. టీఎస్‌హెచ్ పెరిగి, టీ4 తగ్గితే వైద్యులు లెవోథైరాక్సిన్ మాత్ర ఇస్తారు.

దానిని పరగడుపున నీటితో వేసుకొని, కనీసం అరగంట వరకు టీ సహా ఏమీ తీసుకోరాదు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. 6 నుండి 8 వారాలకు మళ్లీ పరీక్షించి మోతాదు సరిచేస్తారు. నీరసం తగ్గిందని మాత్ర మానరాదు. గర్భం దాలిస్తే వెంటనే వైద్యులకు తెలపాలి. మోతాదు పెంచవలసి రావచ్చు.

రమజాన్‌లోనూ మందు ఆపనక్కరలేదు. సహరీకి అరగంట ముందు గాని, రాత్రి భోజనమైన 3 గంటల తర్వాత గాని వేసుకోవచ్చు. వేళను ముందే వైద్యులతో నిర్ణయించుకోండి. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని కాపాడుకోవడం మన బాధ్యత.