బ్యాంకుపై రిసీవర్ దావా.. ఏ కోర్టుది అధికారం?

మోసానికి పాల్పడిన కంపెనీ మూతపడితే మిగిలిన ఆస్తులు డిపాజిటుదారుల బకాయిలకు సాధారణంగా చాలవు. ఆ సొమ్ము ఏ బ్యాంకు ఖాతాల ద్వారా తరలిందో ఆ బ్యాంకును సైతం బాధ్యురాలిని చేయాలన్న డిమాండ్ అప్పుడే వస్తుంది. అమెరికాలో ఈ భారం కోర్టు నియమించే రిసీవర్‌పై పడుతుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 40వ ఆర్డర్‌లోనూ రిసీవర్ ఉన్నారు. కానీ అమెరికాలో రాష్ట్ర కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు కావడంతో దావా ఎక్కడ వేయాలన్నదే తొలి చిక్కు.

ఫెడరల్ కోర్టులు అన్ని వ్యాజ్యాలనూ స్వీకరించవు. సాధారణంగా వివాదం ఫెడరల్ చట్టానికి సంబంధించినదై ఉండాలి. లేదా కక్షిదారులు వేర్వేరు రాష్ట్రాల వారై, దావా విలువ 75,000 డాలర్లు దాటాలి. మోసానికి సహకరించారంటూ బ్యాంకుపై మోపే అభియోగాలు చాలావరకు రాష్ట్ర చట్టాల పరిధిలోనివే.

రిసీవర్‌కు మాత్రం వెసులుబాటు ఉంది. ఆస్తులు రాబట్టేందుకు తనను నియమించిన ఫెడరల్ కోర్టులోనే ఆయన వేసే దావాను అసలు కేసుకు అనుబంధంగా భావిస్తారు. కక్షిదారుల రాష్ట్రం, దావా మొత్తం దీనికి అడ్డురావని 1895లోనే వైట్ వర్సెస్ ఈవింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇతర ప్రాంతాల్లోని ఆస్తుల విషయంలో మెలిక ఉంది. నియామకం జరిగిన 10 రోజుల్లోగా, ఆస్తులున్న ప్రతి ఫెడరల్ జిల్లా కోర్టులో ఫిర్యాదు, నియామక ఉత్తర్వుల ప్రతులు దాఖలు చేయాలి. లేనిపక్షంలో అక్కడి ఆస్తులపై అధికారం పోతుంది. ఖాతా ఉన్నట్లే తెలియని చోట 10 రోజుల్లో దాఖలు చేయడం ఎవరికైనా కష్టమే. అందుకే రిసీవర్‌ను తిరిగి నియమించి గడువును మళ్లీ మొదలుపెట్టేందుకు పలు కోర్టులు అనుమతిస్తున్నాయి.

అధికార పరిధి తేలినా దావా నెగ్గినట్లు కాదు. రిసీవర్ కంపెనీ స్థానంలో నిలుస్తారు. కంపెనీకి జరిగిన నష్టం అడగగలరే గానీ, డిపాజిటుదారుల సొంత నష్టాన్ని సాధారణంగా అడగలేరు. ఇక్కడే బ్యాంకుల న్యాయవాదులు గట్టిగా పోరాడతారు.

సుమారు 700 కోట్ల డాలర్ల స్టాన్‌ఫర్డ్ కుంభకోణంలో 2009 ఫిబ్రవరిలో డల్లాస్ ఫెడరల్ కోర్టు రాల్ఫ్ జాన్వీని రిసీవర్‌గా నియమించింది. బ్యాంకులపై ప్రధాన దావాను మాత్రం డిపాజిటుదారులే అదే ఏడాది టెక్సాస్ రాష్ట్ర కోర్టులో వేశారు. అనంతరం అది ఫెడరల్ కోర్టుకు మారింది, మదుపరుల కమిటీ కూడా చేరింది. నిందితుడు అలెన్ స్టాన్‌ఫర్డ్‌కు 2012లోనే 110 ఏళ్ల శిక్ష పడింది. టీడీ బ్యాంకు బాధ్యతను అంగీకరించకుండానే 120.5 కోట్ల డాలర్ల చెల్లింపునకు సమ్మతించింది 2023 ఫిబ్రవరిలో. అప్పటికి 14 ఏళ్లు గడిచాయి.