అంబాసిడరు స్టీరింగు వదులైనప్పుడు

పాత మోటారు బండిని అభిమానముతో కాపాడుకొనువారు మన ఊళ్లలో నేటికిని కలరు. వారి వద్ద తరచుగా కనబడు బండి అంబాసిడరు. బ్రిటిషు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి వచ్చిన ఈ బండి తయారీ 2014లో ఉత్తరపారా కర్మాగారమున నిలిచిపోయినది. కనుక దీని స్టీరింగు సంగతి యజమాని స్వయముగా కొంత తెలిసికొనుట మేలు.

స్టీరింగు అరుగుదల ఒక్కనాట బయటపడదు. చేతిచక్రము కొంత ఖాళీగా తిరిగిన పిమ్మట గాని ముందుచక్రములు కదలకుండుట, తిన్నని బాటపై బండి అటునిటు ప్రాకుట, టైరు ఒక అంచున త్వరగా అరుగుట దీని గుర్తులు. నడుపువాని చేతి అలవాటు ఈ దోషమును కప్పిపుచ్చును. అసలు అపాయ మందే యున్నది.

అంబాసిడరులోనిది ర్యాక్-పినియన్ పద్ధతి. స్టీరింగు కడ్డీ కొననున్న చిన్న పళ్లచక్రము, అడ్డముగా అమర్చిన పళ్లబద్దను ఎడమకు, కుడికి జరుపును. ఆ బద్ద రెండు కొనలనుండి టై రాడ్లు బయలుదేరి, బంతికీళ్ల ద్వారా చక్రములను మళ్లించును. ఈ కీళ్ల రబ్బరు తొడుగు చినిగినచో దుమ్ము, నీరు లోపలికి చేరును. దుమ్ము కలిసిన గ్రీజు కందెనగా గాక ఆకురాయివలె పనిచేయును.

మరమ్మతు కంటె ముందు పరీక్ష చేయవలెను. వెనుక చక్రములకు అడ్డుకట్టలు వేసి, బండి ముందుభాగమును ఎత్తి, గట్టి స్టాండ్లపై నిలుపుడు. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రిందికి దూరరాదు. చక్రమును పై, క్రింది అంచుల పట్టి ఊపినప్పుడు వదులు కనబడినచో, మరియొకరిచే బ్రేకు త్రొక్కింపుడు. వదులు మాయమైన దోషము బేరింగుది. నిలిచియున్న చక్రము మళ్లు నిలువు కీలుది. ఎడమ, కుడి అంచుల పట్టి ఊపినప్పుడు మాత్రమే వదులున్నచో, ముందుగా టై రాడ్ బంతికీలును అనుమానింపవలెను.

అరిగిన బంతికీలు బాగుపడదు, మార్చవలసినదే. లాక్ నట్టును వదులు చేసి, పిన్ను తీసి, కీలు నట్టును విప్పుడు. కీలు బిగిసియున్నచో, అది దూరిన కన్నమునకు ఇరువైపుల రెండు సుత్తులతో ఒక్కసారిగా కొట్టిన ఊడివచ్చును. మర పైనుండి పాతకీలు ఎన్ని చుట్లకు ఊడినదో లెక్కించి, క్రొత్తదానిని అన్ని చుట్లే ఎక్కింపుడు. పాత పిన్నును మరల వాడరాదు. కడపట ముందుచక్రముల మధ్య దూరమును ముందువైపున, వెనుకవైపున కొలిచి, తయారీదారుల పుస్తకములోని కొలతతో పోల్పుడు.

ఇంటి పనికి హద్దు కూడ కలదు. పళ్లబద్ద అరిగినను, నిలువు కీలు వదులైనను అనుభవజ్ఞుడైన మెకానిక్కును ఆశ్రయింపవలెను. స్టీరింగు భాగములను కాల్చి వంచుట, వెల్డింగు చేయించుట ఎన్నడును తగదు. ఇంజను చెడిన బండి దారిలో నిలిచిపోవును. స్టీరింగు చెడిన బండి నిలువదు.